మండువాను మూయకుండానే కొట్టు పెట్టవచ్చు

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలోని మా పట్టణంలో, పెద్దబజారు మలుపున ఉన్న మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన చోటు ఉన్న పాత పెంకుటిల్లు, ఈ వేసవిలో బట్టల కొట్టుగా మారింది. అమ్ముకున్నవారి అవసరాన్ని గానీ, కొన్నవారి వ్యాపారాన్ని గానీ తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. మనుషులు మసలని పెంకుటిల్లు ఎక్కువ కాలం నిలవదు కనుక, కొట్టుగానైనా ఆ ఇంట్లో దీపం వెలగడం నాకు సంతోషమే. నా బాధంతా మార్చిన తీరు గురించి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, డెల్టాకు కాలువలు పారిన తరువాత వచ్చిన పంటల కలిమి ఇలాంటి లోగిళ్లలో కనిపిస్తుంది. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, వాన నీటిని నడుమనున్న మండువాలోకి దించుతుంది. అక్కడి నుంచి ఆ నీరు తూము గుండా బయటికి పోతుంది. చుట్టూ ఉన్న గదులకు వెలుతురు ఆ తెరిచిన చోటు నుంచే వస్తుంది, వేడెక్కిన గాలి కూడా అక్కడి నుంచే పైకి వెళ్లిపోతుంది. గానుగ సున్నంతో కట్టిన గోడలు తేమను పీల్చి, తిరిగి గాలిలోకి విడుస్తాయి కాబట్టే మన వానాకాలాలను అన్నేళ్లు తట్టుకున్నాయి.

ఇప్పుడు ఆ మండువాపై రేకులు వేసి, కింద జిప్సం సీలింగు బిగించారు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల లైట్లు వేయక తప్పడం లేదు. సున్నపు గోడలకు సిమెంటు పూశారు. ఆ పూత లోపలి తేమను బయటికి పోనివ్వదు కనుక ఉప్పు పొంగి, గోడ పెచ్చులుగా రాలడం మొదలవుతుంది. షట్టరు కోసం వీధి గోడను కొట్టేశారు. టేకు ద్వారబంధాలు పాత కలప కొనేవారి లారీ ఎక్కాయి. అన్నిటికంటే నన్ను కలచివేసింది వీధి అరుగులు పోవడం. బడి నుంచి వస్తూ వానకు చిక్కిన పిల్లలం ఎన్నిసార్లు ఆ అరుగులెక్కి నిలబడ్డామో లెక్కలేదు. నిజానికి బట్టల కొట్టుకు అరుగు కంటే పనికివచ్చేది ఏముంది? కొనేవారి వెంట వచ్చిన పెద్దలు కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

మండువాకు కప్పు తప్పనిసరైతే, పెంకుల కంటే ఎత్తులో, పక్కల నుంచి గాలి ఆడేలా గాజు కప్పు వేయవచ్చు. అల్మరాలను గోడలకు మేకులు కొట్టకుండా స్తంభాల నడుమ నిలబెట్టవచ్చు. గోడలకు మళ్లీ సున్నమే పూయవచ్చు.

పురాతన కట్టడాలపై 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే వర్తిస్తుంది కనుక, బజారులోని మామూలు లోగిళ్లకు దాని అండ లేదు. అందుచేత పురపాలక సంఘాలే ముందుకు రావాలి. పాత ఇంటిని కొట్టుగా మార్చడానికి అనుమతి ఇచ్చే ముందు దాని కొలతలు, ఫొటోలు తీయించి, సున్నపు కట్టడం తెలిసిన ఇంజినీరు చేత పరిశీలింపజేయాలి. మండువానూ అరుగులనూ నిలిపిన యజమానికి ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలి. మా బజారులో ఇంకా రెండు లోగిళ్లు మిగిలాయి. వాటిలో ఒకదానికి గత వారమే ‘అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు కట్టారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోనసీమ