అర్చక కుటుంబాల సంఘం, ద్రాక్షారామం పరిసర గ్రామాలు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు కాగితాల చుట్టూనే తిరిగింది. 1987 దేవాదాయ చట్టం 34వ సెక్షన్‌తో వంశపారంపర్య అర్చకత్వం రద్దయింది. ఆ రద్దు చెల్లుతుందని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. పూజ చేయడం మతవిషయమే గానీ అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమని ఆ తీర్పు సారాంశం. 2007లో 33వ చట్టంతో సవరణ వచ్చాకే అర్హతలున్న అర్చక కుటుంబాలవారు కొనసాగే వీలు కలిగింది.

దీన్ని పట్టుకుని పాత మిరాశీ (వంశపారంపర్య హక్కు) తిరిగొచ్చేసిందని కొందరు సంబరపడుతున్నారు. రాలేదు. ఇంటిపేరు ఒక్కటే చాలదు, అర్హతా చూపాలి. అందుకే అర్చకుల అర్హత పరీక్షలైన ప్రవేశ, వర, ప్రవరలకు మన పిల్లలకు సాయంత్రం పాఠాలు పెట్టాం. వచ్చినవాళ్లు శ్రద్ధగా చదివారు, రానివాళ్ల తల్లిదండ్రులతో మళ్లీ మాట్లాడాలి.

కార్తీకమాసం రద్దీ తగ్గాక పత్రాల శిబిరం పెట్టాం. ఒక పెద్దాయన పాత ధోవతి ముక్కలో చుట్టి ఇనాం టైటిల్ డీడ్ (గుడి సేవకు ఇచ్చిన భూమి పత్రం) తెచ్చారు. 1996 నవంబర్ తుఫానుకు తడిసి అట్టకట్టుకుపోయింది. మెల్లగా మడత విప్పితే సరిగ్గా పేరున్న చోటే చిరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాం. తర్వాత ఇనాం భూముల పాత సర్కారు రికార్డైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు తెప్పిస్తే ముత్తాతగారి పేరు స్పష్టంగా ఉంది. ఆ నకలు భూమి కోసం కాదండోయ్, భూమి స్వామివారిదే. మనకు కావలసింది వంశానికి రుజువు. దేవాదాయ చట్టం కింద మీ గుడి వివరాలుండే 43వ సెక్షన్ రిజిస్టర్‌లో అర్చకుడి పేరు ఎవరిదో కూడా చూసుకోండి. చాలామంది ఇంతవరకు చూసుకోనేలేదు.

ఒక ఆఫీసులో మన దరఖాస్తులు నెలల తరబడి కదల్లేదు. రసీదు తీసుకోని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. ఇకమీదట రసీదు లేకుండా ఏదీ ఇవ్వొద్దు.

గుడిలో పూజ వంతుల పేచీలు ఈసారీ సంఘం దాకా వచ్చాయి. అన్నదమ్ముల పిల్లల మధ్య నోటిమాట ఒప్పందాలు పెద్దవాళ్లు ఉన్నంతవరకే నిలుస్తున్నాయి. ఎవరి వంతు ఏ నెలో కాగితం మీద రాసి, అందరూ సంతకాలు చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇలా రాసుకోవడం అవమానమేమీ కాదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు వంశవృక్షం, ఆధార్ జిరాక్స్, మీ దగ్గరున్న పాత పత్రాలు తెండి. ఒరిజినల్స్ మాత్రం మా దగ్గర వదలొద్దు, జిరాక్స్ తీసి అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాం.

కార్యదర్శి