శాలువాలు చాలు, పోటీ చేయనివ్వండి

సంపాదకుల గారికి,

2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచుల గడువు అయిదేళ్లు. పంచాయతీ ఎన్నికల మాట మళ్లీ మొదలయ్యేసరికి మా ప్రకాశం జిల్లా పల్లెల్లో పార్టీల వాళ్లకు మాజీ సైనికులు గుర్తొస్తున్నారు. ఆగస్టు 15కి, కార్గిల్ దినానికి పిలిచి శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. సర్పంచ్‌గా ఎవరిని నిలబెట్టాలన్న చర్చ వచ్చేసరికి అడిగేది ఒక్కటే, "ఎంత పెట్టగలడు?" పది వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి రెండున్నర లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదని 2021లోనే నిబంధన ఉంది. దాన్ని ఎవరు పట్టించుకున్నారో ఓటర్లకు నేను చెప్పక్కర్లేదు.

నేనూ రిటైరైన హవల్దార్‌నే. అయినా మిలటరీ ఆయన కదా అని కళ్లు మూసుకుని ఓటేయమని అడగను. పటాలంలో పైవాడు చెబితే పని జరిగిపోతుంది. పంచాయతీలో అలా కుదరదు. పక్క వీధి వార్డు సభ్యుడు అలిగితే బతిమాలుకోవాలి, మురుగు కాలువ మీద గోడ కట్టినవాడు బంధువైనా నోటీసు ఇవ్వాలి, గ్రామసభలో తిట్లు పడాలి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లలో ఒకాయన పని మన పక్కనే కనిపిస్తుంది.

నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వచ్చే హైవేనే తీసుకోండి. వాజ్‌పేయి హయాంలో మొదలైన నాలుగు మహానగరాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో చెన్నై-కోల్‌కతా దారి అది. ఆ పనులు ఊపందుకున్న రోజుల్లో, 2000 నుంచి 2004 దాకా, రహదారుల శాఖ చూసింది మేజర్ జనరల్ బి.సి. ఖండూరి. సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో 1954లో చేరి 1990లో రిటైరయ్యారు. మరుసటి ఏడాదే ఉత్తరాఖండ్ కొండల్లోని గఢ్వాల్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడి మళ్లీ నిలబడ్డారు. 2007లో ముఖ్యమంత్రి అయ్యారు, 2009లో కుర్చీ పోయింది, 2011లో తిరిగి వచ్చింది. 2012 ఎన్నికల్లో ఆయన పేరు మీదే ఆయన పార్టీ బీజేపీ ప్రచారం చేస్తే కోట్‌ద్వార్‌లో ముఖ్యమంత్రిగా ఉండే ఓడిపోయారు! జనరల్ గారికైనా ఓటరు సెల్యూట్ కొట్టడు.

నాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాత జరిగింది. 2014లో మళ్లీ ఎంపీగా గెలిచి రక్షణ శాఖ పనితీరును పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడయ్యారు. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతబడిపోయిందన్న సంగతి 2018 మార్చిలో ఆ సంఘం నివేదికలో బయటపడింది. అప్పుడు అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు. కారణాల జోలికి నేను పోను. కానీ సైన్యం గురించి తెలిసినవాడు చట్టసభలో ఉంటే ఎలాంటి లెక్కలు బయటికొస్తాయో ఆ నివేదిక చూస్తే తెలుస్తుంది. పొరుగున తెలంగాణలో మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి కూడా ఒకప్పుడు వాయుసేనలో ఫైటర్ పైలటే.

సర్వీసులో ఉండగా మాకు రాజకీయాలు నిషిద్ధం, అది సరైనదే. కానీ చాలామంది జవాన్లు నలభై ఏళ్లకు అటూ ఇటూగానే ఇంటికొస్తారు. ఆ వయసులో ఎక్కువమందికి దొరికేది ఏ బ్యాంకు దగ్గరో, ఏటీఎం దగ్గరో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. తాగునీటి పైపుల పనో, చెరువు కట్టో అప్పగిస్తే లెక్కాపత్రం తేడా రాకుండా చేయగలిగినవాళ్లు వీళ్లలో చాలామంది ఉన్నారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి టికెట్ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడాల్సిన పని కూడా లేదు.

తోటి మాజీ సైనికులకు ఒక మాట. నిలబడితే మీ పేరుతో నిలబడండి. యూనిఫాం ఫొటో వేసి ఫ్లెక్సీలు కట్టొద్దు. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లోనే పార్టీలకు చెప్పింది, 2019లో మళ్లీ గుర్తు చేసింది.

మీ పత్రికకూ ఒక విన్నపం. నామినేషన్ల లోపు మండలాల వారీగా గ్రామసభలు ఎన్నిసార్లు జరిగాయో, పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు దేనికి ఖర్చయ్యాయో జిల్లా పేజీల్లో రాయించండి. పోటీకి దిగే మా మిలటరీ వాళ్లను కూడా, వచ్చాక ఏం చేస్తారో ఆ లెక్కలు ముందు పెట్టే అడగండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా