2020లో కువైట్ నుంచి మనవాళ్లను ఇల్లు చేర్చిన అందరికీ

రాజంపేట, రాయచోటి, కోడూరు చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. కరోనా కాలంలో ఆ మనుషుల్ని క్షేమంగా ఇళ్లకు చేర్చడానికి తలా ఒక చెయ్యి వేసిన వాళ్లకు, ఆ కుటుంబాల తరఫున దండాలు.

ఆ ఏప్రిల్‌లో కువైట్ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించింది. అకామా (అక్కడ ఉండే అనుమతి) అయిపోయినవాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చు, కొత్త వీసా మీద మళ్లీ రావచ్చు. మన దేశానికి ఇచ్చింది 16 నుంచి 20 దాకా, ఐదు రోజులే. కువైట్‌లోని ఫర్వానియా, జిలీబ్ బడుల్లో పేరు రాయించుకున్నాక తిరిగి గదికి పోయేది లేదు, నేరుగా శిబిరానికే. సామాను సర్దుకునే రండని ఊరూరి పేర్లతో తెలుగులో వాయిస్ మెసేజ్‌లు పెట్టిన ఫర్వానియా అన్నలారా, ఆ ఒక్క మాట ఎంతోమందిని కాపాడింది.

పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర చిక్కుకున్నవాళ్లకు మన ఎంబసీ ఔట్‌పాసు, అంటే పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రానిచ్చే కాగితం, ఇచ్చింది, ఐదు దినార్ల ఫీజు కూడా వదిలేసింది. తిప్పలంతా పేర్లతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మీద అరబ్బీలో ఇంకో తీరు. పాత వీసా కాగితం మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుందని గుర్తుచేసి, ట్రంకుపెట్టెలు వెతికించి, లాక్‌డౌన్‌లోనూ స్కాన్ చేసి పంపిన జిరాక్సు షాపు తమ్ముళ్లకు రుణపడి ఉన్నాం.

మార్చి 22నే మన దేశం విమానాలు ఆపేసింది. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ మిషన్ కింద హైదరాబాద్‌కు మొదటి విమానం వచ్చింది మే 9న. అన్ని వారాలు శిబిరాల్లో ఉన్న షుగరు, బీపీ వాళ్ల సంగతేమిటి? మన బ్రాండ్లు అక్కడ దొరకవు. చీటీలో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసి పంపిన మెడికల్ షాపు అన్నకు ప్రత్యేకంగా నమస్కారం.

విమానం ఎక్కితే చాలనుకుంటున్న రోజుల్లో జీతం బాకీల మాట ఎత్తిన వకీలు అక్కకు ఎంత చెప్పినా తక్కువే. ఖాదిం వీసా (ఇంటిపని వీసా) వాళ్లకు 2015 నాటి 68వ చట్టం ప్రకారం, పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున రావాలి. షూన్ వీసా (కంపెనీ పని వీసా) మీద నెలజీతానికి చేసినవాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజులు, ఆపైన ఏడాదికి నెల. షూన్ వాళ్లు పని మానిన ఏడాదిలోపు అడగకపోతే హక్కు పోతుంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం. "అన్నీ ముట్టాయి" అని రాసుంటే ఆ తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. అక్కడే ఉంటే మనిషే పోయి ఫిర్యాదు ఇవ్వచ్చు. ఊరికి వచ్చేస్తే పవర్ ఆఫ్ అటార్నీ రాసి, నోటరీ, విదేశాంగ శాఖ, కువైట్ ఎంబసీ ముద్రలు వరసగా వేయించాలి. అవన్నీ దగ్గరుండి వేయించింది అక్కే.

సెలవుపై వచ్చి ఇక్కడే ఇరుక్కున్నవాళ్లకు, ఆరు నెలలు దాటితే అకామా పోయే నిబంధనను సడలించారని చెప్పి ఏజెంట్ల చేతిలో పడకుండా ఆపినవాళ్లకూ కృతజ్ఞతలు.

కొందరి అగ్రిమెంట్లు, బతాకాలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. ఆధార్ చూపించి తీసుకుపోండి. అగ్రిమెంట్లకు లామినేషన్ మాత్రం చేయించొద్దు, వాటి మీద ముద్ర వేయరు.