దక్షిణపు గోడ కాడ సైకిల్

కావలి, నవంబరు నెల వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మీటింగులో ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగారు. "సార్, మావాడికి అన్నీ వాళ్ల నాయనమ్మ మాటలే. 'ఉత్తరం పక్క కుర్చీ' అంటాడు, 'దక్షిణపు గోడ కాడ సైకిల్' అంటాడు. మనది ఇంగ్లీషు మీడియం కదా, క్లాసులో పిలకాయలు నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?" అంతలో బెల్ కొట్టారు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

మాన్పించొద్దమ్మా.

ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లో, గూగు యిమిదిర్ అనే భాష ఉంది. మన పిల్లలకు తెలిసిన 'కంగారూ' అనే పేరు 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు ఆ భాష వాళ్ల దగ్గర విని రాసుకున్నదే. అందులో వస్తువు ఎక్కడుందో చెప్పడానికి కుడి, ఎడమ వాడరు. చేతి పక్కనున్న గ్లాసుకైనా తూర్పు, పడమరలే. అలా మాట్లాడాలంటే ఏ వేళైనా దిక్కు తెలిసి ఉండాలి. ఆ భాషలోనే పెరిగిన పెద్దవాళ్లు కొత్త చోటికి పోయినా దిక్కు తప్పరని పరిశోధకులు చూసి రాశారు.

మనకు తూర్పుకు పోతే తుమ్మలపెంట సముద్రం, పడమరకు పోతే ఉదయగిరి కొండలు. నాయనమ్మ ఇంట్లో బిందెను కూడా ఆ లెక్కలోనే పెడుతుంది. మొన్న ఆరో తరగతి వాళ్లను కళ్లు మూసుకుని ఉత్తరం చూపమన్నాను. చేతులు తలా ఒక దిక్కుకు లేచాయి. ఆ అమ్మ వాళ్ల అబ్బాయి చెయ్యి తడబడలేదు. ఇంట్లో రోజూ చేసే పనే కదా వాడికి.

భాష వల్ల ఆలోచన ఆగిపోతుందని నేననను. ఏ భాషవాళ్లైనా ఏదైనా నేర్చుకోగలరు. దేన్ని గమనించాలో మాత్రం అది రోజూ అలవాటు చేస్తూ ఉంటుంది. రష్యన్‌లో ముదురు నీలానికి ఒక పేరు, లేత నీలానికి ఒక పేరు. 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో, పేరు మారే చోట రెండు నీలాల తేడాను రష్యన్లు ఇంకాస్త త్వరగా పట్టారు.

మన తెలుగులో చూడండి. తుఫాను రోజుల్లో "రేపు సెలవంట" అని బడంతా పాకుతుంది. ఇది విన్న మాటేనని ఆ 'అంట' చెప్పేస్తుంది. పోయిన వారం మూడో తరగతి పాప ఏడుస్తూ వచ్చింది. "వాళ్లు 'మేం ఆడుకుంటాం' అన్నారు సార్, 'మనం' అనలా." ఇంగ్లీషులో రెండింటికీ 'వుయ్' ఒక్కటే. 'మేం' అన్న ఆ ఒక్క మాటతో తను జట్టులో లేదని పాపకు తెలిసిపోయింది. నాకు ఇంకా ఆ ముఖమే గుర్తొస్తోంది.

ఇంగ్లీషు బడిలో మేం శ్రద్ధగా నేర్పుతాం. ఇంట్లో మీ తెలుగు తగ్గించకండి.

ఈ శనివారం ఆరు, ఏడు తరగతుల వాళ్లు ఇంటి పటం గీసుకుని రావాలి. కుడి, ఎడమ అని ఎక్కడా రాయకూడదు. పొయ్యి ఏ దిక్కు, కుళాయి ఏ దిక్కు, పడుకుంటే తల ఏ దిక్కు, అన్నీ దిక్కులతోనే. తాతలూ నాయనమ్మలూ పక్కన కూర్చుని చెప్పండి. గీయడం మాత్రం పిల్లలకే వదిలేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు