అడ్డం తప్పు, నిలువు ఒప్పు: గత ఆదివారం నుడికట్టులో మా వల్ల జరిగిన పొరపాటు

మా యాప్‌లో ప్రతిరోజూ గళ్ళనుడికట్టు పూరించే మీ అందరికీ నమస్కారం.

గత ఆదివారం నుడికట్టులో అడ్డం 7కు "ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు" అనే ఆధారం ఇచ్చాం. జవాబు "పోస్ట్‌మేన్", నాలుగు గళ్ళు. అందులోని రెండో గడే నిలువు 5లో ఉన్న "టెస్ట్"కు చివరి గడి. మీలో చాలామంది ఆ గడిలో "స్ట్" అని సరిగ్గానే పూరించారు. అయినా నిలువు వరుస పచ్చబడింది, అడ్డం వరుస మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఆ రోజు ఉదయమే ఫోన్ చేసి, "ఒకే గడిలో ఒకే అక్షరం అడ్డంగా తప్పు, నిలువుగా ఒప్పు ఎలా అవుతుందండీ?" అని అడిగారు. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. రాత్రికి దొరికింది. తప్పు పూర్తిగా మాదే కాబట్టి అదేమిటో దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

నుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం అన్నది మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన లెక్క. ఫోనుకు ఆ లెక్క తెలియదు. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం, గడిలోనూ ఒకే అక్షరం. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో మాత్రం అది ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం. ఈ గుర్తులను ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో చెప్పే పాత ప్రామాణిక నియమం ప్రకారం "స్త్రీ" అన్నది స్, త్, రీ అని మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపులకు ఆ నియమాన్ని సవరించి, సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా ఉంచారు. పాత ఫోన్లు పాత నియమాన్ని, కొత్త ఫోన్లు కొత్త నియమాన్ని పాటిస్తుండడంతో, ఫోను మీద ఆధారపడకుండా అక్షరాలను విడదీసే పనిని గత నెల మేమే మొదటి నుంచి రాసుకున్నాం. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. పొరపాటు దాన్ని అమలు చేయడంలో జరిగింది.

"పోస్ట్‌మేన్" అని కంప్యూటరులో రాసేటప్పుడు ట పొల్లుకూ మ-కారానికీ మధ్య కంటికి కనిపించని, వెడల్పు లేని ఒక గుర్తు చేరుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే మ-కారం వెళ్ళి ట కింద వత్తుగా చేరుతుంది, పదం "పోస్ట్మేన్" అయిపోతుంది. కాబట్టి రాతలో ఆ గుర్తు ఉండవలసిందే. గడిలో మాత్రం దానికి పని లేదు. మా పాత పద్ధతిలో నుడికట్టును యాప్‌లోకి ఎక్కించేటప్పుడే ఆ గుర్తును తీసివేసే ఒక వరుస ప్రోగ్రాములో ఉండేది. కొత్తగా రాసినప్పుడు ఆ ఒక్క వరుసను నేను వదిలేశాను. దాంతో అడ్డం జవాబులోని "స్ట్" వెనుక కనిపించని గుర్తు ఉండిపోయింది. "టెస్ట్" పదం అక్కడితో ముగుస్తుంది కాబట్టి నిలువు జవాబులో అది లేదు. మా అక్షరాల పలకలో ఆ గుర్తు వేసే మీటే లేదు. అంటే మీరు ఎంత సరిగ్గా పూరించినా ఆ అడ్డం వరుస పచ్చబడే అవకాశమే లేదు.

విడుదలకు ముందు పరీక్షించలేదా అని కొందరు అడిగారు. పరీక్షించాం. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న వంటి కష్టమైన సంయుక్తాక్షరాలన్నీ వెతికి మరీ చూశాం. అన్నీ మన మాటలే. మధ్యలో పొల్లు పలికే ఇంగ్లిషు మాట ఒక్కటి కూడా ఆ జాబితాలో లేదు. ఇకపై పోస్ట్‌మేన్, సాఫ్ట్‌వేర్, ఫుట్‌బాల్ వంటి మాటలు కూడా ప్రతి విడుదలకు ముందూ పరీక్షలో ఉంటాయి.

అడ్డం 7 ఎంతకీ పచ్చబడక, చివరికి "జవాబు చూపు" నొక్కినందువల్ల చాలామందికి వరుస రోజుల లెక్క సున్నాకు పడిపోయింది. రోజూ పొద్దున్నే కాఫీతో పాటు నెలల తరబడి కూర్చుకున్న లెక్క అది. అది పోతే ఎంత బాధగా ఉంటుందో మీ ఉత్తరాలు చదివితే తెలిసింది. ఆ ఆదివారం నుడికట్టు తెరిచిన ప్రతి ఒక్కరికీ దాన్ని పూర్తి చేసినట్టుగానే లెక్క వేసి, పాత వరుస రోజుల లెక్కను తిరిగి కలిపాం. అయితే కోపంతోనో, బాగవుతుందన్న ఆశతోనో యాప్ తీసివేసి మళ్ళీ వేసుకున్నవారిలో, ఖాతా తెరవనివారి లెక్క వాళ్ళ ఫోనులోనే ఉండేది కాబట్టి దాన్ని మేము వెనక్కి తీసుకురాలేం. వారికి క్షమాపణ చెప్పుకోవడం తప్ప మరో దారి లేదు. ఏడాదికి 199 రూపాయలు చెల్లించిన చందాదారులందరికీ తదుపరి చెల్లింపు ఒక నెల ఆలస్యంగా వచ్చేలా మార్చాం. దానికి మీరు చేయవలసినదేమీ లేదు.

అక్షరాల పలకలో అడుగు వరుస, అంటే సున్న, పొల్లు ఉన్న వరుస, కొన్ని ఫోన్లలో కింది మూడు బొత్తాల వెనక్కి పోయిన సమస్య కూడా, ఈ పొరపాటును సరిదిద్దుతూ ఇప్పుడు ఇస్తున్న నవీకరణ (అప్‌డేట్)తో తీరుతుంది. ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు మార్చిన యాప్‌లో తెర అంచుల వరకు బొమ్మ పరుచుకుంటుంది. కింద వదలవలసిన జాగాను మేము వదలలేదు.

మీలో కొందరు చాలాకాలంగా కోరుతున్న మరో మార్పు కూడా చేశాం. పెళ్ళి, పెళ్లి, గళ్ళు, గళ్లు: ళ-కారం కింద ఏ వత్తు ఇచ్చినా ఇకపై ఒప్పుగానే తీసుకుంటాం, ఎందుకంటే పత్రికలూ పుస్తకాలూ రెండు విధాలుగానూ అచ్చువేస్తున్నాయి. శ, ష, స-ల తేడాను మాత్రం సడలించడం లేదు. "ఐదు", "అయిదు" వంటి చోట గళ్ళ సంఖ్యే దారి చూపుతుంది.

పిల్లల కోసం చిన్న నుడికట్లు సంక్రాంతికి ఇస్తామన్న మాట నిలుపుకోలేకపోయాం. ఈ మరమ్మతులు పూర్తయ్యాకే వాటి జోలికి వెళతాం. కొత్త తేదీ ఇప్పుడే చెప్పి మళ్ళీ తప్పడం ఇష్టం లేదు.

నవీకరణ వేసుకున్నాక పాత నుడికట్లలోంచి గత ఆదివారానిది తెరిచి, అడ్డం 7 పచ్చబడిందేమో చూడండి. ఇంకా ఎర్రగానే ఉంటే, యాప్‌లోని "మాకు రాయండి" నొక్కి మీ ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ తెలిపి, తెర ఫొటో ఒకటి పంపండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ నేనే జవాబు రాస్తాను.