పచ్చి మేకతోళ్లకు బదులు క్రోమ్ తోళ్లు పంపిన విషయమై ఫిర్యాదు

సరఫరా విభాగం మేనేజరు గారికి,

అయ్యా,

అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట ఊరి పద్ధతిలో తోలుబొమ్మలు చేసి, ఆడించి బతికే కుటుంబం మాది. గత నెల 8న మీ సంస్థకు 30 పచ్చి మేకతోళ్లకు ఆర్డరిచ్చి, ఒక్కొక్కటి 900 రూపాయల చొప్పున 27,000 రూపాయలు ముందే చెల్లించాను. 22న అందిన కట్టలో పైనున్న 6 మాత్రమే మేం అడిగిన తోళ్లు. కింద ఉన్న 24 క్రోమ్ అనే రసాయనంతో పదును చేసిన నీలిరంగు తోళ్లు. మీ బిల్లులో మాత్రం అన్నిటికీ ‘పచ్చి మేకతోలు’ అనే రాసి ఉంది.

మేకతోలును వేడినీటిలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెడితేనే అది వెనకనున్న దీపం వెలుగును తెరమీదికి దాటనిస్తుంది. బొమ్మకు పూసిన ఎరుపు, ఆకుపచ్చ రంగులు చూసేవారికి కనబడేది ఆ వెలుగుతోనే. మీరు పంపిన నీలిరంగు తోలును బల్బు ముందు పెడితే పెనం అడ్డుపెట్టినట్టే ఉంది. అయినా అనుమానం తీరక ఒకదాన్ని కోసి, సీతమ్మ చెవికమ్మకు ఉలితో చిల్లులు కొట్టి చూశాను. తోలు మెత్తగా ఉలి కింద జారి, గుండ్రంగా తెగవలసిన చిల్లు సాగి చీలికైంది. వెదురుబద్దకు కట్టి నిలబెడితే తడిసిన పంచెలా వాలిపోయింది.

మీ ప్రతినిధికి ఫోను చేస్తే, అది ఇంకా మేలురకమని, ధర కూడా ఎక్కువేనని అన్నారు. చెప్పులకు, సంచులకు మేలురకమే కావచ్చు, కాదనను. మరుసటి రోజు, ఒక తోలు కోశాను కనుక ఏదీ వెనక్కి తీసుకోబోమన్నారు. కోసినదాని ధర నేనే భరిస్తాను. తక్కిన 23 చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మా రావణాసురుడికే నాలుగు తోళ్లు పడతాయి. అతనికి పోగా మిగిలిన రెండింటితో సుందరకాండ మొత్తానికి బొమ్మలు ఎలా చేయాలి? శివరాత్రికి ఒప్పుకున్న ఆట కోసం ఇప్పుడు పాత బొమ్మలకే అతుకులు వేసుకుంటున్నాం.

కాబట్టి ఈ లేఖ అందిన 10 రోజుల్లోగా 23 పచ్చితోళ్లు పంపాలని, లేదా 20,700 రూపాయలు తిరిగి చెల్లించాలని, రెండింటిలో ఏది చేసినా మీ తోళ్లను మీ ఖర్చుతోనే తీసుకువెళ్లాలని కోరుతున్నాను. గడువు దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, బల్బు ముందు రెండు రకాల తోళ్లనూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
తోలుబొమ్మల కళాకారుడు