కరగ రాత్రి నిలబడే చోటు చూపించండి: బెంగళూరు పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

చైత్ర పౌర్ణమి వస్తోందంటే మా ఇంట్లో కరగ ఉత్సవం హడావిడి మొదలు. మదనపల్లె నుంచి మా అత్త దిగుతుంది, పిల్లల్ని మధ్యాహ్నమే పడుకోబెడతాం. అర్ధరాత్రి దాటాక తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి ద్రౌపదమ్మ కరగ బయల్దేరుతుంది. చీర కట్టి, గాజులు తొడుక్కున్న తిగళ కులపు పూజారి మల్లెపూల కరగను (పూలతో అలంకరించిన కలశాన్ని) చేత్తో పట్టుకోకుండా తల మీద నిలుపుకుని నడుస్తారు. చుట్టూ కరగకు కాపలాగా కత్తులు దూసిన వీరకుమారులనే భక్తులు, గోవింద నామం. కాటన్‌పేటలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర కరగ ఆగుతుంది. అక్కడే నిలబడి చూడాలని మా అత్త పట్టు. (భక్తి సగం, మల్లెపూల వాసన సగం అని నా అనుమానం.)

మా టెన్షనంతా ఆ ఇరుకు సందుల గురించే. కరగ దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి తోపులాట, ఆ మధ్యలోనే బైకులు. ఈసారి దారిలో నిలిపిన బండ్లను సాయంత్రమే తీయించండి. దర్గా ముందు ముసలివాళ్లకీ, చంటిపిల్లల తల్లులకీ ఓ పక్కన తాడు కట్టించండి. పిల్లలు తప్పిపోతే ఎక్కడికి రావాలో మైకులో కన్నడంతో పాటు తెలుగు, తమిళంలోనూ చెప్పించండి.

వీఐపీల కుర్చీలు కాస్త తగ్గినా ఎవరికీ బాధ లేదు.

ఇట్లు,
పేటలో ఉండే ఒక తెలుగు కుటుంబం